ఊరూర బంతి వేసిన సుబ్బన్న నాయుడు



నేడు నేనొక ఆటగాని జీవితమును మీకు మనవి చేయదలచితిని. ఆటలు పిల్లల సొమ్ము, తల నెరసిన మాకేల యని మీలో కొందరనుకొనవచ్చును. కాని యీ కథలో ఆట కంటె పని యెక్కువ. తన చేతి నేర్పును మూటగట్టుకొని, పని దొరకిన చోటికెల్ల పోయి, ముప్పదియేండ్లు చెమట యోడ్చిన యొక తెలుగువాని కథ యిది. అట్టివాడు లేని గడప మీ గ్రామములలో అరుదు. సిరిసిల్లనుండి నేతపనివారు షోలాపురమునకు, బొంబాయికి, భివండికి పోయిరి. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములనుండి యువకులు దుబాయికి, మస్కటుకు, కువైటుకు పోయిరి, నేటికిని పోవుచున్నారు. వారు తిరిగివచ్చినపుడు వారి పనికి విలువ కట్టువారు మీరే గనుక, ఈ కథ మీకు చెప్పదగినదని తలచితిని.

ఆంగ్లమున 'జర్నీమన్' అను మాట యొకటి కలదు. ఫ్రెంచి భాషలో ఒక దినపు పనిని తెలుపు మాటనుండి యది పుట్టినది. పూర్వము ఐరోపాలో చేతిపని నేర్చువాడు మొదట ఒక గురువు కడ శిష్యుడుగా నుండెడివాడు. పని పట్టుబడిన పిమ్మట దినకూలికి పని చేసెడివాడు. సొంత కార్ఖానా పెట్టుకొన్న నాడు తానును గురువనిపించుకొనెడివాడు. శిష్యత్వము ముగిసి, సొంత కార్ఖానా ఇంకను అమరక, నడుమ నిలిచిన పనివానికి ఆ పేరు. సిరిసిల్లవారికి దీనిని విప్పి చెప్ప నక్కరలేదు. తాము సాంచాలని పిలుచు మరమగ్గములమీద, పరుల నూలును పరులకొరకు నేయు నేర్పరులు ఆ పట్టణమున వీధివీధిని కలరు.

అమెరికావారికి బేస్‌బాల్ అను ఆట కలదు. అందు బంతి విసరుటయే వృత్తిగా బ్రతుకువారు కలరు. వారిలో ఏటేట జట్టు మారుచు, ఎచ్చటను మహావీరుడనిపించుకొనక, ఎచ్చటను పనికిరానివాడనిపించుకొనక, సంవత్సరముల తరబడి నెట్టుకొనివచ్చువానిని వారు ఈ 'జర్నీమన్' అను మాటతోనే పిలుతురు. మనకు బేస్‌బాల్ పరిచయము తక్కువ. క్రికెట్టు పరిచయము మెండు. క్రికెట్టులో అట్టి బంతిపనివాడు మన తెలుగువారిలోనే యొకడు కలడు. ఆయనయే సి. ఎస్. నాయుడు, అనగా కొఠారి సుబ్బన్న నాయుడు.

సుబ్బన్న నాయుడుగారు 1914 ఏప్రిల్ 18వ తేదీన నాగపురమున జన్మించిరి. వారి పూర్వులు బందరువారు. ఆ కుటుంబము నాగపురమునకు వలసపోయి, న్యాయవాద వృత్తిలో పేరు గడించి, అచ్చటనే స్థిరపడినది. కనుక వలస యనునది ఆయనకు పుట్టుకతోనే వచ్చినదనవచ్చును. ఆయన యన్నగారి పేరు మీలో చాలమంది వినియుందురు. 1932 జూన్ 25వ తేదీన లండనులోని లార్డ్స్ మైదానమున భారతదేశము తన మొట్టమొదటి టెస్టుపోటీ నాడినపుడు జట్టునకు నాయకత్వము వహించిన కనకయ్య నాయుడు, అనగా సి. కె. నాయుడు, ఆ యన్నగారే. ఆయన 1895లో పుట్టినవారు. తమ్మునికంటె పదునెనిమిదేండ్లకు పైగా పెద్ద. మీ యిండ్లలోను పేరుమోసిన అన్నకు తమ్ముడై పుట్టిన వారిని చూచియే యుందురు. అట్టివాడేమి చేసినను, అన్న చేసినదాని ప్రక్కన పెట్టి చూచుట లోకపు అలవాటు. అన్నను చూడవచ్చిన కండ్లతోనే సుబ్బన్నను లోకము చూచినది.

ఆయన పని యెట్టిదో కొంత చెప్పవలెను. బంతి వేయువారిలో రెండు తెగలవారు కలరు. పరుగెత్తి వచ్చి వడిగా వేయువారు కొందరు. మెల్లగా వేసి, నేల తాకిన పిమ్మట బంతిని ప్రక్కకు తిప్పువారు కొందరు. సుబ్బన్నగారు రెండవ తెగవారు. అందులోను వేలితో గాక మణికట్టుతో త్రిప్పువారు. బొంగరపు త్రాటిని విదలించినట్లు కుడిచేతి మణికట్టును విదలించి విడిచిన బంతి, నేల తాకి, బ్యాటుదారుని కాలివైపునుండి ఆవలికి మరలును. దీనిని 'లెగ్ బ్రేక్' అందురు. అదే చేతివాటము కనబరచుచు, మణికట్టును వేరుగ మడిచి, బంతిని లోపలికి మరలించుట 'గూగ్లీ' యనబడును. క్రికెట్టు పనులలో ఇది మిక్కిలి కష్టమైనది. మణికట్టు వెంట్రుకవాసి తప్పినను బంతి పడవలసినచోట పడదు; బ్యాటుదారుడు దానిని హద్దు దాటించును. కావున ఇట్టి బౌలరు పరుగులు పోగొట్టుకొనియే వికెట్లు సంపాదింపవలెను. విత్తువాడు ముందుగా గింజలను నేలపాలు చేయునుగదా! పంట చూడక గింజలనే లెక్కించువానికి ఆ పని దుబారాగానే కనబడును.

1931-32 ఆటకాలమున ఆయన ప్రథమశ్రేణి పోటీలలో ప్రవేశించిరి. 1934 జనవరిలో కలకత్తాలో ఇంగ్లాండుతో జరిగిన టెస్టున, అన్నగారి నాయకత్వముక్రింద, పందొమ్మిదేండ్ల ప్రాయమున దేశపక్షమున ఆడిరి. ఆ యేటి చివరనే రంజీ ట్రోఫీ పోటీలు ఆరంభమైనవి. ఇక అక్కడనుండి ఆయన ప్రయాణము చూడుడు. మధ్యపరగణాల జట్టు, మధ్యభారత జట్టు, బరోడా జట్టు, హోల్కరు జట్టు, వంగదేశపు జట్టు, ఆంధ్ర జట్టు, ఉత్తరప్రదేశపు జట్టు, మధ్యప్రదేశపు జట్టు. బొంబాయి పోటీలలో హిందువుల జట్టు. ఇన్ని జట్ల పక్షమున ఆయన బంతి వేసిరి. ఆంధ్ర జట్టు 1953-54లో మొదటిసారిగా రంజీ పోటీలలో ప్రవేశించినది. పూర్వులు విడిచివచ్చిన నేలకు ఆ మనుమడు పనివాడుగా తిరిగివచ్చి బంతి వేసెననుట గుర్తుంచుకొనదగిన విషయము.

ఇన్ని జట్లు మారుట చూచి, నిలకడలేనివాడని యనుకొనవలదు. ఆ కాలపు పద్ధతి తెలిసికొనవలెను. నేటివలె ఆటగానికి లక్షలిచ్చు సంఘములు నాడు లేవు. సంస్థానాధీశులు మంచి ఆటగాండ్రను పిలిపించి, సైన్యములోనో కొలువులోనో ఉద్యోగమిచ్చి, తమ జట్టున ఆడించుకొనుచుండిరి. కనకయ్య నాయుడుగారు ఇండోరున హోల్కరు సైన్యమున పదవి పొందిరి. విజయ్ హజారే బరోడా కొలువున నుండిరి. స్వాతంత్ర్యానంతరము 1948, 1949 సంవత్సరములలో ఆ సంస్థానములు విలీనమైనవి. ప్రభువులు పోగా ప్రభువుల కొలువులును క్రమముగా అడుగంటినవి. ఆ పోషణమీద ఆధారపడిన ఆటగాండ్రు క్రొత్త నీడలు వెదకుకొనవలసివచ్చినది. సాంచాల ఖార్ఖానా మూతబడినచో నేతగాడు మరియొక ఖార్ఖానా తలుపు తట్టును. దానిని కృతఘ్నత యందుమా? పొట్టకొరకు చోటు మారినవాడు పనిని మార్చలేదు. సుబ్బన్నగారును జట్లను మార్చిరేకాని, మణికట్టు పనిని మార్చలేదు.

ఆ పనికి ఫలమెట్టిదో రెండు సందర్భములు చెప్పెదను. మొదటిది 1942-43 నాటిది. అప్పుడాయన బరోడా జట్టున నుండిరి. ఆ యొక్క ఆటకాలమున రంజీ పోటీలలో 40 వికెట్లు తీసిరి. ఒక కాలమున నలువది వికెట్లు అంతకుముందు ఎవ్వరును తీసియుండలేదు. ఆ యేడు అంతిమపోటీ మన సికింద్రాబాదుననే జరిగినది. బరోడా జట్టు హైదరాబాదు జట్టును 307 పరుగులతో ఓడించి ట్రోఫీ గెలుచుకొనినది.

రెండవది 1945 మార్చిలో బొంబాయి బ్రబోర్న్ మైదానమున జరిగిన అంతిమపోటీ. అప్పటికాయన అన్నగారి హోల్కరు జట్టునకు మారియుండిరి. అన్నగారికి నలువదితొమ్మిదేండ్లు, నాయకుడు ఆయనయే, తమ్మునికి ముప్పదియేండ్లు. ఎదుటిపక్షము బొంబాయి. ఆ పక్షమున విజయ్ మర్చంటు ఒక్కడే రెండవసారి 278 పరుగులు చేసెను. బొంబాయి మొదటిసారి 462, రెండవసారి 764 పరుగులు చేసినది. హోల్కరు 360, 492 చేసినది. ముస్తాక్ అలీ రెండుమారులును శతకములు కొట్టెను. యుద్ధకాలమున సైన్యముతో మన దేశమునకు వచ్చియున్న ఇంగ్లాండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ హోల్కరు పక్షమున ఆడి, ఔటుగాక 249 పరుగులు చేసెను. ఇరుపక్షములు కలిసి 2078 పరుగులు! కడకు బొంబాయి 374 పరుగులతో గెలిచినది.

ఈ పరుగుల వర్షమంతయు ఎవరి నెత్తిమీద కురిసినది? సుబ్బన్న నాయుడుగారి మీద. ఆయన మొదటిసారి 64 ఓవర్ల 5 బంతులు వేసి, 153 పరుగులిచ్చి, 6 వికెట్లు తీసిరి. రెండవసారి 88 ఓవర్లు వేసి, 275 పరుగులిచ్చి, 5 వికెట్లు తీసిరి. మొత్తము 917 బంతులు, 428 పరుగులు, 11 వికెట్లు. ప్రథమశ్రేణి క్రికెట్టు చరిత్రలో ఒక పోటీలో ఇన్ని బంతులు వేసినవాడు ప్రపంచమున మరియొకడు లేడు. ఇన్ని పరుగులిచ్చినవాడును మరియొకడు లేడు. టెస్టుపోటీలలో ఇట్టి లెక్కకు మేటి వెస్టిండీసుకు చెందిన సన్నీ రామదీన్. ఆయన 1957లో బర్మింగ్‌హామున 774 బంతులు వేసెను. సుబ్బన్నగారి లెక్క అంతకు 143 బంతులెక్కువ.

917 బంతులన నెంతయో ఊహించుడు. ఒక్కొక్క బంతికి పది అంగలు ముందుకు, మరల పది అంగలు వెనుకకు అనుకొన్నను, 18,340 అంగలగును. జగిత్యాలనుండి కోరుట్లకు నడిచిపోవువాడు అన్ని అంగలు వేసినచో సగము త్రోవ దాటిపోవును. అది మార్చి నెల యెండ. ప్రతి బంతికిని మణికట్టును మెలిత్రిప్పవలెను. ఎదుట మర్చంటువంటి కొండ నిలిచియుండెను. ఓటమి తప్పదని తెలిసిన పిమ్మటకూడ నాయకుడు బంతి చేతికిచ్చినపుడెల్ల ఆయన వేసిరి. ఒక పోటీలో అన్ని పరుగులిచ్చుట సిగ్గుచేటని ఎవరైన అనవచ్చును. కాని మంచి నాయకుడు అసమర్థునిచేత 152 ఓవర్లు వేయింపడు. జట్టంతటిలో ఆ బరువు మోయగలవాడు ఆయన యొక్కడే యని తలచియే నాయకుడు మాటిమాటికి ఆ భుజముమీదనే యెత్తెను.

ఇక రెండవ లెక్క చెప్పవలెను. దానిని దాచుట న్యాయము కాదు. దేశపక్షమున ఆయన 11 టెస్టులాడిరి. వానిలో తీసిన వికెట్లు రెండు మాత్రమే. ఒక్కొక్క వికెట్టునకు 179 పరుగులకు పైగా ఇచ్చిరి. టెస్టుల లెక్కనే పట్టుకొని చూచువారికి ఆయన విఫలుడు. ఆ మాట పూర్తిగా తప్పనను. 1936లోను, 1946లోను ఇంగ్లాండుకు, 1947-48లో ఆస్ట్రేలియాకు ఆయన జట్టుతో పోయిరి. అవకాశము రాలేదనుటకు వీలులేదు. వచ్చినపుడు ఆయన దానిని నిలుపుకొనలేకపోయిరి.

అయినను రెండు సంగతులు తూకమున వేయవలెను. మొదటిది: ఆ పదునొకండు టెస్టులన్నిటిలో కలిసి ఆయన వేసినవి 522 బంతులు. అనగా పదునొకండు టెస్టుల బంతులు బొంబాయిలో ఒక్క పోటీలో వేసినవానికి చాల తక్కువ. మణికట్టు బౌలరునకు చేయి కుదురుటకు వ్యవధి కావలెను. టెస్టులలో ఆయనకు దొరకిన వ్యవధి అంతంతమాత్రము. రెండవది: 1936 ఆగస్టునుండి 1946 జూను వరకు భారతదేశము టెస్టుపోటీ యేదియు ఆడలేదు. నడుమ రెండవ ప్రపంచయుద్ధము వచ్చినది. ఆ పదియేండ్లలో సుబ్బన్నగారు ఇరువదిరెండేండ్లవాడనుండి ముప్పదిరెండేండ్లవాడైరి. నలువది వికెట్ల కాలమును, 917 బంతుల పోటీయు ఆ పదియేండ్లలోనివే. పంట పండిన యేట అంగడి మూసియుండెను. అంగడి తెరచిన యేటికి పంట పలుచబడెను. ఇది ఆయన తప్పా? ఎవరి తప్పును కాదు. కాలము అట్లు వచ్చినది.

మిగిలిన లెక్క చూడుడు. 1951-52లో ఆయన కడపటి టెస్టు ఆడిరి. అంతటితో ఆట మానలేదు. 1961-62 వరకు, నలువదియేడేండ్ల వయసు వచ్చువరకు, ప్రథమశ్రేణి పోటీలలో ఆడుచునే యుండిరి. మొత్తము 174 పోటీలు. 647 వికెట్లు, ఒక్కొక్కదానికి ఇచ్చిన పరుగులు సగటున 26 చిల్లర. బ్యాటుతో 5,786 పరుగులు, నాలుగు శతకములు. రంజీ పోటీలలోనే 295 వికెట్లు. పనికిరానివానికి ముప్పదియేండ్లు ఎవ్వరును బంతి చేతికియ్యరు. ఒక జట్టు విడిచినపుడు మరియొక జట్టు ఆయనను పిలిచినది. అదియే ఆయనకు యోగ్యతాపత్రము. 2002 నవంబరు 22వ తేదీన, ఎనుబదియెనిమిదేండ్ల వయసున, ఇండోరులో ఆయన కన్నుమూసిరి.

పెద్దలారా! ఆయన చరిత్రలో రెండు లెక్కలున్నవి. పెద్దనాడు పెద్దవేదికమీద ఎంత తెచ్చెనను లెక్క యొకటి: రెండు వికెట్లు. ఏండ్ల తరబడి, పిలిచినవారి చోటునకెల్ల పోయి, ఎంత బరువు మోసెనను లెక్క మరియొకటి: ఆరువందల నలువదియేడు. రెండును నిజములే. కాని మొదటి లెక్క ఒక్కటే అచ్చయి పదిమంది నోట తిరుగును. రెండవదానిని వెదకి కూర్చుకొనవలెను. అందుకు ఓపిక కావలెను.

మన గ్రామములలోను ఇట్లే జరుగుచున్నది. పదునైదేండ్లు ఎడారి యెండలో ఇటుకమీద ఇటుక పేర్చి వచ్చిన కోరుట్లవానిని ఊరు మొదట అడుగు ప్రశ్న యేమి? ఎంత తెచ్చితివి, మిద్దె కట్టితివా, ఎన్ని గుంటల భూమి కొంటివి? భివండినుండి వట్టిచేతులతో తిరిగివచ్చిన సిరిసిల్ల నేతగానిని చూచి, అచ్చటికి పోయి వీడు సాధించినదేమి యని అరుగుమీదనే తీర్పు చెప్పుదురు. వాడు పోయిన యేడు కంపెనీ దివాలా తీసినదో, యుద్ధము వచ్చినదో, నూలు ధర పెరిగి సాంచాలు ఆగినవో ఎవ్వరడుగుదురు? వాడు ఎన్ని చోట్ల పనిచేసెను, ఎచ్చట ఎవరు మరల పిలిచిరి, ఏ యంత్రము విప్పి బిగింపగలడు అను సంగతులు వాని నోటనే యుండి, వానితోనే మట్టిలో కలిసిపోవుచున్నవి. పిల్లనిచ్చువారు మొదటి లెక్కనే చూతురు. అప్పిచ్చువారును మొదటి లెక్కనే చూతురు. ఇంటివారు సైతము తుదకు ఆ లెక్కనే నమ్మి, వానిని చిన్నచూపు చూతురు. తన పనిని తానే తక్కువగా తలచుకొను స్థితికి వాడు దిగజారును. ధననష్టముకంటె ఇది పెద్ద నష్టము.

వట్టిచేతులతో వచ్చిన ప్రతివాడును మంచి పనివాడే యని నేననను. దుబారా చేసినవారు, పని యెగవేసినవారును కలరు. అందుకే విచారించి చూడవలెనని నా మనవి. సుబ్బన్నగారి బంతులనొక్కటొక్కటిగా లెక్కవ్రాసినవారు మైదానపు టంచున కూర్చుండిరి గనుకనే, 1945 నాటి 917 బంతులను నేడు మనము చెప్పుకొనగలుగుచున్నాము. మీ యూరి పనివారికి అట్టి లెక్కవ్రాయు గుమాస్తాలు లేరు. ఆ పని మీవంటి అక్షరము తెలిసిన పెద్దలే పూనవలెను.

బతుకమ్మ దసరాలకు దూరముననున్నవారు ఇండ్లకు వత్తురు. అప్పుడొక నోటుబుక్కు తీసికొని, అట్టివానిని అరుగుమీద కూర్చుండబెట్టి, ఏ యేట ఎచ్చట ఏ పని చేసితివి నాయనా యని అడుగుడు. చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనుడు. ఊరిలో పనినేర్పు పిల్లలకు గురువు కావలసి వచ్చినపుడు ఆ పుస్తకము విప్పి చూచుకొనవచ్చును.

నాకీయబడిన కాలము ముగిసినది. సెలవు.